ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్

ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ (1864 జనవరి 1 - 1946 జూలై 13) సుప్రసిద్ధ అమెరికన్ ఛాయాచిత్రకారుడు, పత్రికా సంపాదకుడు, చిత్రప్రదర్శనశాలల నిర్వాహకుడు. చిత్రలేఖనం, శిల్పం వలె ఛాయాగ్రహణం కూడా లలితకళయే అన్న గుర్తింపు రావడానికి కృషి చేసినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. కెమెరా నోట్స్, కెమెరా వర్క్ అనే పత్రికలకు సంపాదకత్వం వహించాడు. ఫోటో-సెసెషన్ అనే ఛాయాచిత్రకారుల బృందాన్ని స్థాపించాడు. న్యూయార్క్ నగరంలో 291 అనే పేరుతో ప్రసిద్ధి చెందిన ప్రదర్శనశాలను నడిపాడు.

ఛాయాచిత్ర పోటీల చరిత్రలో స్టీగ్లిట్జ్‌ది విలక్షణమైన స్థానం. యువకుడుగా ఇతడు పోటీలలో పాల్గొని పేరు తెచ్చుకున్నాడు. తన జీవితకాలంలో 150కి పైగా పతకాలు, బహుమతులు అందుకున్నాడు. తరువాత తానే న్యాయనిర్ణేతగా కూర్చున్నాడు. ఆపైన పతకాలిచ్చే పద్ధతిని వ్యతిరేకించాడు. ఒక ఛాయాచిత్రాన్ని దేనినిబట్టి ఉత్తమమైనదని నిర్ణయించాలి, అలా నిర్ణయించే అధికారం ఎవరికి ఉండాలి అనే రెండు ప్రశ్నలు ఇతని జీవితంలో అడుగడుగునా ఎదురయ్యాయి.

బాల్యం

స్టీగ్లిట్జ్ అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో హోబోకెన్ పట్టణంలో జన్మించాడు. తల్లిదండ్రులు హెడ్విగ్, ఎడ్వర్డ్ స్టీగ్లిట్జ్. వీరు జర్మనీ నుండి వలస వచ్చిన యూదులు. ఆరుగురు సంతానంలో ఆల్ఫ్రెడ్ పెద్దవాడు. తండ్రి ఉన్ని వర్తకంలో బాగా సంపాదించాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనలో పనిచేశాడు. ఆయనకు చిత్రకళపై మక్కువ ఎక్కువ. ఇంటికి చిత్రకారులు, సంగీత విద్వాంసులు వచ్చిపోతూ ఉండేవారు. 1871లో కుటుంబం న్యూయార్క్ నగరానికి మారింది.

పిల్లలకు జర్మన్ పద్ధతిలో చదువు చెప్పించాలనే ఉద్దేశంతో తండ్రి వ్యాపారం విరమించుకొని 1881లో కుటుంబంతో సహా జర్మనీ వెళ్ళాడు. ఆల్ఫ్రెడ్ కొంతకాలం కార్ల్‌స్రూహ్ నగరంలో చదివి, 1882లో బెర్లిన్‌లోని సాంకేతిక విద్యాలయంలో యంత్రశాస్త్ర విద్యార్థిగా చేరాడు.

బెర్లిన్‌లో శిక్షణ

బెర్లిన్‌లో హెర్మన్ విల్‌హెల్మ్ ఫోగెల్ అనే ఆచార్యుని వద్ద స్టీగ్లిట్జ్ ఛాయాగ్రహణ రసాయనశాస్త్రం అభ్యసించాడు. ఆ రోజుల్లో వాడే గాజు పలకలు నీలి రంగు కాంతికే ఎక్కువగా స్పందించేవి. పలకపై పూసే లేపనంలో కొన్ని రంజకాలను కలిపితే అది ఆకుపచ్చ, పసుపు రంగులకు కూడా స్పందిస్తుందని 1873లో కనుగొన్న శాస్త్రవేత్త ఈ ఫోగెలే. ఇటువంటి గురువు వద్ద చేరడంతో స్టీగ్లిట్జ్‌కు ఛాయాగ్రహణంపై ఆసక్తి పెరిగి, యంత్రశాస్త్రం వెనుకబడిపోయింది. 

ఇతడు సొంత కెమెరా కొనుక్కొని, ఒకే వస్తువును అనేకసార్లు చిత్రించి, ఒకే నెగటివు నుండి అనేక ప్రతులు తీసి పోల్చి చూసేవాడు. ఒకసారి నేలమాళిగలో ఉన్న ఒక డైనమో యంత్రాన్ని, అక్కడ వెలుగుతున్న ఒకే ఒక విద్యుద్దీపం కాంతిలో చిత్రించాలని పూనుకున్నాడు. ఎక్స్‌పోజరు సుమారు 24 గంటలు పట్టింది. పగటి వెలుగు లేనిదే ఫోటో తీయడం అసాధ్యమని భావించే ఆ కాలంలో ఈ ప్రయోగం సాహసమే. ఛాయాగ్రహణంలో ఫలానాది సాధ్యం కాదని ముందుగా నియమాలు విధించడం ఇతనికి నచ్చకపోవడానికి ఈ అనుభవాలు పునాది వేశాయి. సాంకేతిక విషయాలలో ఇతనికి గల పట్టు ముందు ముందు మరొక విధంగా ఉపకరించింది. పోటీలలో సాంకేతిక నైపుణ్యానికే అధిక ప్రాధాన్యం ఇవ్వరాదని ఇతడు వాదించినప్పుడు, ఆ నైపుణ్యం లేక అలా అంటున్నాడని ఎవరూ అనలేకపోయారు.

మొదటి బహుమతి

సెలవులలో స్టీగ్లిట్జ్ జర్మనీ, ఇటలీ గ్రామసీమలలో పర్యటించి చిత్రాలు తీసేవాడు. 1887లో ఇటలీలోని కోమో సరస్సు తీరాన గల బెల్లాజియో అనే ఊరిలో, ఏదో హాస్యానికి నవ్వుకుంటున్న జనాన్ని చిత్రించాడు. ఈ చిత్రాన్ని లండన్ నుండి వెలువడే అమెచ్యూర్ ఫోటోగ్రాఫర్ పత్రిక నిర్వహించిన సెలవుదినాల పోటీకి పంపాడు. దానికి ప్రథమ బహుమతి లభించింది. అప్పటికి ఇతని వయస్సు 23 సంవత్సరాలు.

ఆ పోటీకి న్యాయనిర్ణేత పీటర్ హెన్రీ ఎమర్సన్. క్యూబాలో 1856లో జన్మించి ఇంగ్లండులో స్థిరపడిన ఎమర్సన్ వృత్తిరీత్యా వైద్యుడు. ఆనాడు పోటీలలో ఎక్కువ గౌరవం పొందుతున్నవి ముందుగా వేషాలు వేయించి, భంగిమలు దిద్ది, కొన్నిసార్లు అనేక నెగటివులను ఒకటిగా అతికి తయారుచేసిన చిత్రాలు. హెన్రీ పీచ్ రాబిన్సన్ 1858లో ఐదు నెగటివులను కలిపి రూపొందించిన ఫేడింగ్ అవే అనే చిత్రం ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఎమర్సన్ ఈ పద్ధతిని తీవ్రంగా వ్యతిరేకించాడు. ప్రకృతి కంటికి ఎలా కనిపిస్తుందో చిత్రంలో అలాగే ఉండాలని, కల్పిత భంగిమలు కూడదని ఇతని వాదం. ఈ అభిప్రాయాలను 1889లో నేచురలిస్టిక్ ఫోటోగ్రఫీ అనే గ్రంథంగా వెలువరించాడు. కాబట్టి బెల్లాజియో చిత్రంలోని సహజమైన నవ్వు ఎమర్సన్‌ను ఆకట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. చిత్రంలోని సహజత్వాన్ని ఎమర్సన్ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. అదే చిత్రం రాబిన్సన్ అభిరుచి గల న్యాయనిర్ణేత ముందుకు వెళ్ళి ఉంటే ఫలితం వేరుగా ఉండేదేమో.

న్యాయనిర్ణేతల అభిప్రాయాలు కూడా శాశ్వతం కావనడానికి ఎమర్సన్ జీవితమే నిదర్శనం. నెగటివులో వెలుగునీడల నిష్పత్తిని మార్చడం కళాకారుని చేతిలో చాలావరకు లేదని హర్టర్, డ్రిఫీల్డ్ అనే శాస్త్రజ్ఞులు 1890లో ప్రకటించిన పరిశోధనలు తెలిపాయి. దీనితో ఎమర్సన్ తన మునుపటి వాదాన్ని ఉపసంహరించుకొని, ఛాయాగ్రహణం కళ కాదని ప్రకటిస్తూ నల్లని అంచులు గల కరపత్రాన్ని ప్రచురించాడు. ఆయన బహుమతితో వెలుగులోకి వచ్చిన యువకుడు మాత్రం అది కళయేనని నిరూపించడానికి తన జీవితాన్ని వినియోగించాడు.

ఆనాటి పోటీల తీరు

19వ శతాబ్ది చివరి దశకాలలో పొడి పలకలు, చేతిలో ఇమిడే కెమెరాలు రావడంతో ఛాయాగ్రహణం సరదాగా చేసేవారి సంఖ్య విశేషంగా పెరిగింది. ఐరోపా, అమెరికా నగరాలలో ఔత్సాహికుల సంఘాలు ఏర్పడ్డాయి. ఈ సంఘాలు ఏటా ప్రదర్శనలు జరిపేవి. ప్రకృతి దృశ్యాలు, రూపచిత్రాలు, నిత్యజీవిత దృశ్యాలు, గాజుపై ముద్రించి దీపకాంతితో తెరపై చూపే లాంతరు స్లైడులు వంటి తరగతులుగా చిత్రాలను విభజించి బంగారు, వెండి, కంచు పతకాలు ఇచ్చేవారు.

న్యాయనిర్ణేతలు సాధారణంగా చూసే అంశాలు ఇవి: చిత్రం అంచు నుండి అంచు వరకు స్పష్టంగా ఉన్నదా, ఎక్స్‌పోజరు సరిగా ఉన్నదా, నెగటివుపై గీతలు మచ్చలు ఉన్నాయా, ముద్రణ శుభ్రంగా ఉన్నదా, కూర్పు చిత్రలేఖన సూత్రాలకు అనుగుణంగా ఉన్నదా. వీటిలో చాలావరకు కొలిచి చెప్పదగినవి. న్యాయనిర్ణేతల మధ్య తగవు రాకుండా ఉండటానికి ఇవి అనుకూలమైనవి కూడా. అయితే దోషాలు లేకపోవడమే గుణంగా లెక్కించే ఈ పద్ధతిలో, ఏ తప్పూ లేని నిర్జీవమైన చిత్రానికి పతకం, చిన్న లోపంతో జీవకళ ఉట్టిపడే చిత్రానికి తిరస్కారం లభించే అవకాశం ఉండేది. పైగా సంఘాలు పెరిగినకొద్దీ పతకాలు కూడా పెరిగి వాటి విలువ తగ్గింది.

న్యూయార్క్‌కు తిరిగి రాక

సోదరి ఫ్లోరా ప్రసవ సమయంలో మరణించడంతో స్టీగ్లిట్జ్ 1890లో న్యూయార్క్ చేరుకున్నాడు. తండ్రి సహాయంతో కొందరు మిత్రులతో కలిసి చిత్రముద్రణ వ్యాపారంలో ప్రవేశించాడు. వ్యాపారంలో రాణించలేదు గాని, ఫోటోగ్రావ్యూర్ అనే ఉన్నత ముద్రణ విధానంలో నైపుణ్యం సంపాదించాడు. 1893లో ఎమెలిన్ ఓబర్‌మేయర్‌ను వివాహమాడాడు. వీరికి 1898లో కేథరిన్ అనే కుమార్తె జన్మించింది. 1893 నుండి 1896 వరకు అమెరికన్ అమెచ్యూర్ ఫోటోగ్రాఫర్ పత్రికకు సంపాదకులలో ఒకడుగా పనిచేశాడు. ప్రచురణకు వచ్చిన చిత్రాలను నిర్మొహమాటంగా విమర్శించడం వలన అభిమానులతోపాటు విరోధులను కూడా సంపాదించుకున్నాడు.

1893 ఫిబ్రవరి 22న న్యూయార్క్‌లో మంచు తుఫాను వీచింది. స్టీగ్లిట్జ్ చేతి కెమెరా పట్టుకొని ఐదవ అవెన్యూ వీధి అంచున సుమారు మూడు గంటలపాటు వేచి ఉన్నాడు. మంచులో బండిని తోలుకొని ఎదురుగా వస్తున్న బండివానిని సరియైన క్షణంలో చిత్రించాడు. ఇదే వింటర్, ఫిఫ్త్ అవెన్యూ అనే ప్రఖ్యాత చిత్రం. ఆ నెగటివును చూసిన సంఘ సభ్యులు అది మసకగా ఉన్నదని, పారవేయమని సలహా ఇచ్చినట్లు ఇతడు తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. స్టీగ్లిట్జ్ ఆ నెగటివులో కావలసిన భాగాన్ని మాత్రమే తీసుకొని నిలువు చిత్రంగా ముద్రించాడు. తుఫానులో కళ్ళు మసకబారిన అనుభవాన్నే ఆ మసక తెలియజేస్తున్నదని క్రమంగా చూపరులు గ్రహించారు. 

చేతి కెమెరాను గంభీరమైన కళాసాధనంగా భావించని రోజులవి. 1897లో ఈ విషయమై వ్రాసిన వ్యాసంలో స్టీగ్లిట్జ్ కొత్తవారికి ఒక పద్ధతి సూచించాడు. ముందుగా స్థలాన్ని ఎంచుకోవాలి. అక్కడి రేఖలను, వెలుగును శ్రద్ధగా పరిశీలించాలి. ఆ తరువాత మనుషులు తగిన అమరికలోకి వచ్చేవరకు ఓపికగా వేచి ఉండాలి. కెమెరా చిన్నదైనంత మాత్రాన పని తొందరగా అయిపోతుందని భావించరాదని దీని సారాంశం.

పతకాలు లేని ప్రదర్శనలు

లండన్‌లో 1892లో లింక్డ్ రింగ్ అనే ఛాయాచిత్రకారుల సమాజం ఏర్పడింది. 1893 నుండి ఈ సమాజం సలాన్ పేరుతో ప్రదర్శనలు ప్రారంభించింది. ఈ సలాన్‌లో పతకాలు లేవు. తరగతులు లేవు. వచ్చిన చిత్రాలలో కళాగుణం గలవాటిని మాత్రమే ఎంపిక చేసేవారు. ఎంపిక కావడమే గౌరవం. 1894లో స్టీగ్లిట్జ్‌ను ఈ సమాజంలో సభ్యునిగా చేర్చుకున్నారు. ఈ గౌరవం పొందిన తొలి అమెరికన్లలో ఇతడు ఒకడు. అమెరికాలోని న్యూయార్క్, ఫిలడెల్ఫియా, బోస్టన్ సంఘాలు కలిసి జరిపే పతకాల ప్రదర్శనలకు బదులుగా ఇటువంటి సలాన్ కావాలని ఇతడు తన రచనలలో వాదించాడు.

1896లో న్యూయార్క్‌లోని రెండు సంఘాలు విలీనమై కెమెరా క్లబ్‌గా ఏర్పడ్డాయి. 1897లో స్టీగ్లిట్జ్ సంపాదకత్వంలో ఈ క్లబ్ తరఫున కెమెరా నోట్స్ త్రైమాసిక పత్రిక వెలువడింది. 1898లో పెన్సిల్వేనియా లలితకళా అకాడమీ, ఫిలడెల్ఫియా ఛాయాగ్రహణ సంఘం కలిసి తొలి ఫిలడెల్ఫియా సలాన్ నిర్వహించాయి. దీని న్యాయనిర్ణేతలలో విలియమ్ మెరిట్ చేజ్, రాబర్ట్ వోనో అనే చిత్రకారులు, ఆలిస్ బార్బర్ స్టీఫెన్స్ అనే చిత్రకారిణి, స్టీగ్లిట్జ్ ఉన్నారు. ఒక ప్రతిష్ఠాత్మకమైన కళా అకాడమీ గోడలపై ఛాయాచిత్రాలకు చోటు లభించడం గొప్ప విజయంగా భావించబడింది. 1899లో జరిగిన రెండవ సలాన్‌లో న్యాయనిర్ణేతలందరూ ఛాయాచిత్రకారులే. గెర్ట్రూడ్ కేసెబియర్, క్లారెన్స్ వైట్, ఫ్రాన్సెస్ బెంజమిన్ జాన్‌స్టన్, హాలండ్ డే వీరిలో ముఖ్యులు. 

ఈ మార్పు వెనుక ముఖ్యమైన వివాదం ఉన్నది. చిత్రకారులు తీర్పు చెబితే ఛాయాచిత్రాలకు గౌరవం పెరుగుతుందని కొందరి అభిప్రాయం. అలా చేస్తే చిత్రలేఖనాన్ని అనుకరించే ఛాయాచిత్రాలే నెగ్గుతాయని, ఈ కళ మర్మం తెలిసినవారే తీర్పు చెప్పాలని మరికొందరి వాదన. కఠినమైన ఎంపిక వలన తమకు అవకాశం పోతున్నదని సామాన్య సభ్యులు నిరసన తెలిపారు. కొద్ది సంవత్సరాలలోనే ఫిలడెల్ఫియా సలాన్ పాత సభ్యుల చేతిలోకి వెళ్ళి తన ప్రాముఖ్యాన్ని కోల్పోయింది.

ఫోటో-సెసెషన్

1902లో న్యూయార్క్‌లోని నేషనల్ ఆర్ట్స్ క్లబ్ ఒక ఛాయాచిత్ర ప్రదర్శన ఏర్పాటు చేయమని స్టీగ్లిట్జ్‌ను కోరింది. ఎంపిక బాధ్యత పూర్తిగా తనకే వదలాలనే షరతుపై ఇతడు అంగీకరించాడు. ఈ ప్రదర్శన ఫోటో-సెసెషన్ అనే కొత్త బృందం పేరుతో జరిగింది. పాత సంప్రదాయాల నుండి విడివడటం అని ఈ పేరుకు అర్థం. ఎడ్వర్డ్ స్టైకెన్, గెర్ట్రూడ్ కేసెబియర్, క్లారెన్స్ వైట్, జోసెఫ్ కైలీ, ఫ్రాంక్ యూజీన్ మొదలగువారు ఇందులో ప్రముఖులు. అదే సంవత్సరం స్టీగ్లిట్జ్ కెమెరా నోట్స్ నుండి వైదొలగాడు.

1903 జనవరిలో సొంతంగా కెమెరా వర్క్ పత్రిక ప్రారంభించాడు. ఇందులోని చిత్రాలలో ఎక్కువభాగం ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో పలుచని జపాను కాగితంపై ముద్రించి, చేతితో పుటలకు అతికించినవి. 1917 వరకు 50 సంచికలు వెలువడ్డాయి. నేటికీ ఇవి ముద్రణకళకు ఉత్తమ నమూనాలుగా పరిగణింపబడుతున్నాయి.

ఇతర నగరాల ప్రదర్శనలకు ఫోటో-సెసెషన్ తన చిత్రాలను ఒక షరతుతో పంపేది. ఆ సంపుటిని విడదీయకుండా, స్థానిక న్యాయనిర్ణేతల ఎంపికకు లోబడకుండా, మొత్తంగా ప్రదర్శించాలి. దీనివలన తమ స్థాయి కాపాడబడుతుందని స్టీగ్లిట్జ్ భావించాడు. ఇది అహంకారమని ఇతరులు ఆక్షేపించారు. 1904లో కర్టిస్ బెల్ అనే ఛాయాచిత్రకారుని నాయకత్వంలో ఇతర సంఘాలవారు న్యూయార్క్‌లోనే పోటీగా ఒక సలాన్ నిర్వహించి, పేరుగాంచిన చిత్రకారులను న్యాయనిర్ణేతలుగా నియమించారు. ఒకనాడు న్యాయనిర్ణేతల నిరంకుశత్వాన్ని ఎదిరించిన స్టీగ్లిట్జ్, ఇప్పుడు తానే ఏకైక న్యాయనిర్ణేతగా మారాడనే విమర్శ ఈ కాలంలో బలపడింది. 1908లో కెమెరా క్లబ్ ఇతనిని సభ్యత్వం నుండి బహిష్కరించింది. తరువాత సభ్యత్వం పునరుద్ధరించినప్పటికీ ఇతడు రాజీనామా చేశాడు.

291 ప్రదర్శనశాల

1905 నవంబరులో స్టైకెన్ సహాయంతో ఐదవ అవెన్యూలోని 291వ నంబరు భవనంలో చిన్న ప్రదర్శనశాల ప్రారంభమైంది. క్రమంగా ఆ నంబరే దాని పేరుగా స్థిరపడింది. 1907 నుండి ఇక్కడ ఛాయాచిత్రాలతోపాటు ఇతర కళాకృతులు కూడా ప్రదర్శించారు. 1908లో ఫ్రెంచి శిల్పి రోడాన్ రేఖాచిత్రాలు, మాటిస్ చిత్రాలు, 1911లో పికాసో చిత్రాలు ఇక్కడ ప్రదర్శింపబడ్డాయి. ఐరోపా ఆధునిక కళను అమెరికా ప్రజలకు పరిచయం చేయడంలో ఈ ప్రదర్శనశాల ముందు నిలిచింది.

1910లో బఫెలో నగరంలోని ఆల్‌బ్రైట్ కళాప్రదర్శనశాలలో ఫోటో-సెసెషన్ ఆధ్వర్యంలో అంతర్జాతీయ ఛాయాచిత్ర ప్రదర్శన జరిగింది. సుమారు 600 చిత్రాలు ప్రదర్శించారు. ఆహ్వానితుల విభాగంతోపాటు ఎవరైనా చిత్రాలు పంపగల బహిరంగ విభాగం కూడా ఏర్పాటు చేశారు. ప్రదర్శన ముగిశాక ఆ సంస్థ కొన్ని చిత్రాలను కొనుగోలు చేసింది. ఈ విజయం తరువాత బృందంలో విభేదాలు పెరిగాయి. కేసెబియర్ 1912లో రాజీనామా చేసింది. వైట్ కూడా దూరమయ్యాడు. వీరు 1916లో పిక్టోరియల్ ఫోటోగ్రాఫర్స్ ఆఫ్ అమెరికా అనే వేరు సంస్థను ఏర్పరచారు.

1917 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో స్వతంత్ర కళాకారుల సంఘం ఒక ప్రదర్శన జరిపింది. న్యాయనిర్ణేతలు, బహుమతులు ఉండవని, రుసుము చెల్లించిన ప్రతివారి కృతిని ప్రదర్శిస్తామని సంఘం ప్రకటించింది. మార్సెల్ డ్యూషాంప్ మారుపేరుతో పంపిన ఫౌంటెన్ అనే కృతిని మాత్రం ప్రదర్శనలో ఉంచలేదు. అది దుకాణంలో కొన్న పింగాణీ మూత్రపాత్ర. స్టీగ్లిట్జ్ దానిని 291లో ఉంచి ఫోటో తీశాడు. అసలు వస్తువు తరువాత కనిపించకుండా పోయింది. నేడు దాని స్వరూపం తెలుసుకోవడానికి ముఖ్య ఆధారం ఆ ఫోటోయే. న్యాయనిర్ణేతలు లేరన్న చోట కూడా తిరస్కారం ఉంటుందని ఈ ఉదంతం నిరూపించింది.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కెమెరా వర్క్ చందాదారుల సంఖ్య 40 లోపుకు పడిపోయింది. 1917లో పత్రిక, ప్రదర్శనశాల రెండూ మూతపడ్డాయి. చివరి సంచికను పాల్ స్ట్రాండ్ అనే యువకుని చిత్రాలకు కేటాయించాడు. 

ది స్టీరేజ్

స్టీగ్లిట్జ్ చిత్రాలలో అత్యంత ప్రసిద్ధమైనది ది స్టీరేజ్. 1907లో కుటుంబంతో ఓడలో ఐరోపా వెళుతూ, పై అంతస్తు నుండి క్రింది తరగతి ప్రయాణీకులను చూశాడు. గుండ్రని గడ్డి టోపీ, వాలుగా ఉన్న నిచ్చెన, తెల్లని వంతెన, గొలుసులు, వాటి మధ్య జనం. వెంటనే గదికి వెళ్ళి కెమెరా తెచ్చాడు. ఎక్స్‌పోజ్ చేయని పలక ఒక్కటే మిగిలి ఉన్నది. దానితోనే ఈ చిత్రం తీశాడు. ఇందులోనివారు అమెరికాకు వలస వస్తున్నవారని చాలామంది పొరబడతారు. నిజానికి ఆ ఓడ న్యూయార్క్ నుండి ఐరోపా వెళుతున్నది. నాలుగు సంవత్సరాల తరువాత 1911లో గాని ఈ చిత్రాన్ని ఇతడు కెమెరా వర్క్‌లో ప్రచురించలేదు. పెయింటింగును తలపించే మెత్తదనం గాని, రసాయనాలతో దిద్దిన మెరుగులు గాని ఇందులో లేవు. ఛాయాగ్రహణం తన సహజ లక్షణాలతోనే కళ కాగలదనే అభిప్రాయానికి ఈ చిత్రం ఉదాహరణగా నిలిచింది.

ఓ'కీఫ్, మేఘాల చిత్రాలు

1916లో జార్జియా ఓ'కీఫ్ అనే ఉపాధ్యాయురాలు వేసిన బొగ్గు చిత్రాలు స్టీగ్లిట్జ్ దృష్టికి వచ్చాయి. వాటిని 291లో ప్రదర్శించాడు. మొదటి భార్యతో విడాకుల అనంతరం 1924లో ఓ'కీఫ్‌ను వివాహం చేసుకున్నాడు. ఈమె తరువాత అమెరికాలో ప్రఖ్యాత చిత్రకారిణి అయింది. ఇరవై సంవత్సరాల కాలంలో స్టీగ్లిట్జ్ ఈమె ముఖం, చేతులు, శరీరం చిత్రిస్తూ 300కు పైగా ఛాయాచిత్రాలు తీశాడు. ఒక మనిషి రూపం ఒకే చిత్రంలో ఇమడదని ఇతని విశ్వాసం. వీటిలో కొన్ని 1921లో 145 చిత్రాలతో జరిగిన ప్రదర్శనలో చోటుచేసుకున్నాయి.

చిత్రాలలోని శక్తి చిత్రకారునిది కాదని, ముందున్న మనుషులదని కొందరు అనడంతో, 1922 నుండి ఇతడు మేఘాలను చిత్రించసాగాడు. మేఘాలు అందరికీ ఉచితంగా లభించేవే. 1925 నుండి వీటిని ఈక్వివలెంట్స్ అని పిలిచాడు. తన మనఃస్థితికి సమానమైన రూపాలని దీని భావం. వస్తువు గొప్పదనంపై ఆధారపడకుండా చూపులోని గొప్పదనాన్ని నిరూపించడం ఈ శ్రేణి ఉద్దేశం.

భారతీయ కళా విమర్శకుడుగా తెలుగు పాఠకులకు పరిచితుడైన ఆనంద కుమారస్వామి అప్పుడు బోస్టన్ లలితకళా సంగ్రహాలయంలో పనిచేస్తున్నాడు. స్టీగ్లిట్జ్ చిత్రాలను సంగ్రహాలయంలో చేర్చుకోవాలని ఆయన పట్టుబట్టాడు. 1924లో స్టీగ్లిట్జ్ 27 ఛాయాచిత్రాలను ఆ సంస్థకు బహూకరించాడు. అమెరికాలోని ఒక ప్రముఖ సంగ్రహాలయం ఛాయాచిత్రాలను కళాకృతులుగా స్వీకరించిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. అదే సంవత్సరం బ్రిటన్‌లోని రాయల్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఇతనికి ప్రోగ్రెస్ పతకం ప్రదానం చేసింది.

తీర్పులో చూసిన గుణాలు

న్యాయనిర్ణేతగా, సంపాదకునిగా, ప్రదర్శన నిర్వాహకునిగా స్టీగ్లిట్జ్ చేసిన ఎంపికలను, వ్యాసాలను పరిశీలిస్తే కొన్ని అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, చిత్రం తీసినవాని సొంత చూపు అందులో కనబడాలి. రెండవది, వెలుగు నుండి నీడ వరకు గల ఛాయాభేదాలు దృశ్యంలోని భావానికి తగినట్లు ఉండాలి. మూడవది, కూర్పులో అనవసరమైనది ఉండరాదు. నాలుగవది, నెగటివుతో పని పూర్తి కాలేదని గుర్తించి ముద్రిత ప్రతిపై శ్రద్ధ చూపాలి. ఒక మంచి ప్రతి కోసం ఇతడు అనేక ప్రతులను తీసి పారవేసేవాడు. ఐదవది, సాంకేతిక నైపుణ్యం అవసరమే గాని అది సాధనం మాత్రమే.

ఈ గుణాలలో మొదటిది కొలతకు అందనిది. అందుచేతనే తీర్పు చెప్పేవారి వివేకంపై ఇతడు అంతగా పట్టుబట్టాడు. స్నేహితులతో వైరం తెచ్చుకొన్నదీ అందుకే. సొంత చూపును మెచ్చుకునే న్యాయనిర్ణేత, తన చూపుకు భిన్నమైనదానిని కూడా గుర్తించగలగాలి. మాటిస్, పికాసో, స్ట్రాండ్ విషయంలో స్టీగ్లిట్జ్ ఇందులో కృతకృత్యుడయ్యాడు. కేసెబియర్, వైట్ వంటి పాత సహచరుల విషయంలో కాలేకపోయాడని విమర్శకుల అభిప్రాయం.

చివరి దశ

స్టీగ్లిట్జ్ 1925 నుండి 1929 వరకు ఇంటిమేట్ గ్యాలరీని, 1929 నుండి మరణించే వరకు యాన్ అమెరికన్ ప్లేస్ అనే ప్రదర్శనశాలను నడిపాడు. 1936లో ఆన్సెల్ ఆడమ్స్ ఛాయాచిత్రాలను ఇక్కడ ప్రదర్శించాడు. తాను సేకరించిన ఇతరుల ఛాయాచిత్రాలు 400కు పైగా ఉండగా, నిల్వ ఖర్చు భారమై 1933లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ సంగ్రహాలయానికి అప్పగించాడు. 1938లో గుండెజబ్బు తీవ్రమైంది. అప్పటికే చిత్రాలు తీయడం మానివేశాడు. 1946 జూలై 13న న్యూయార్క్‌లో మరణించాడు. చితాభస్మాన్ని ఇతనికి ప్రీతిపాత్రమైన జార్జి సరస్సు వద్ద ఉంచారు. ఓ'కీఫ్ ఇతని చిత్రాలలో ముఖ్యమైన 1,642 ప్రతులను వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌కు సమర్పించింది.

ప్రభావం

సలాన్ అనే పదం ఛాయాచిత్ర పోటీలలో నేటికీ నిలిచి ఉన్నది. 1950లో ఏర్పడిన అంతర్జాతీయ ఛాయాగ్రహణ కళా సమాఖ్య ఆధ్వర్యంలో అనేక దేశాలలో సలాన్లు జరుగుతున్నాయి. వీటిలో చిత్రం ఎంపిక కావడాన్ని ఒక అర్హతగా లెక్కించి బిరుదులు ఇస్తారు. మన దేశం నుండి, తెలుగునాట నుండి కూడా ఎందరో ఛాయాచిత్రకారులు వీటిలో పాల్గొని బిరుదులు పొందారు. పతకాలను వదిలించుకోవడానికి పుట్టిన సలాన్లలో తిరిగి పతకాలు, తరగతులు వచ్చి చేరాయి. వేలకొద్దీ వచ్చే చిత్రాలను కొద్ది క్షణాలలో చూసి మార్కులు వేసే చోట, స్పష్టత, కూర్పు వంటి కొలవదగిన అంశాలకు ప్రాధాన్యం లభించడం సహజం. పోటీలలో పాల్గొనే విద్యార్థులకు స్టీగ్లిట్జ్ జీవితం రెండు విషయాలు తెలియజేస్తుంది. ఒక న్యాయనిర్ణేత మెప్పు ఒక యువకుని జీవితాన్ని మార్చగలదు. ఒకరు పారవేయమన్న నెగటివు చరిత్రలో నిలిచిపోగలదు.